హన్మకొండలో మా తోటలో ఒకరోజు బతుకమ్మ పండుగ పెట్టి, కుటుంబాలను పిలిచి అనాథ పిల్లల ఆశ్రమానికి చందా పోగుచేయాలనుకుంటున్నాం. గేటు దగ్గర 100 రూపాయల టికెట్ పెట్టొచ్చా?

టికెట్ పెట్టొద్దు. గేటు దగ్గర డబ్బు తీసుకుంటే వచ్చినవాళ్లు తిని, ఫోటో దిగి అరగంటలో వెళ్లిపోతారు. చేతికి పూలివ్వండి. బతుకమ్మ పేర్చుడుకు కూర్చున్నవాళ్లు పొద్దుగూకేదాకా కదలరు. ఆ సేపట్లోనే తింటారు, అమ్మకానికి పెట్టిన మొక్కలు కొంటారు, హుండీలో వేస్తారు.

చివరి రోజైన సద్దుల నాడు మాత్రం పెట్టకండి. ఆ రోజు ఎవరి బతుకమ్మ వాళ్లది, సాయంత్రానికి జనమంతా పద్మాక్షి గుట్ట దిక్కే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, అసలు పేర్చరు. ఈ రెండూ కాకుండా నడుమ వచ్చే ఆదివారం చూసుకోండి.

తంగేడు తెల్లవారుజామునే కోయించి, తడి గోనెసంచి కప్పి నీడన పెట్టాలి. ఎండెక్కాక కోస్తే సాయంత్రానికి వాడిపోతుంది. బంతిపూల కుప్పకు తేనెటీగలు మూగుతాయి, దాన్నీ కప్పే ఉంచండి. గునుగు పూలు ముందురోజే తెప్పించి, చిన్న కట్టలుగా దారంతో కట్టి, కాడలు ఒకే పొడవుకు కత్తిరించి, కొసలు రంగునీళ్లలో ముంచి రాత్రంతా ఆరబెట్టాలి. తడిమీద పేరిస్తే ఆ రంగు తంగేడు మీదికి, పిల్లల పట్టులంగాల మీదికి కారుతుంది.

ఒక్కో తాంబాలం చుట్టూ నలుగురైదుగురు చాలు. అడుగున గుమ్మడి ఆకులు పరిచి, అంచు వెంట కాడలు లోపలికి వచ్చేలా పూలు పెట్టి, నడుమ తరిగిన ఆకులు నింపుతూ వరుసవరుసకూ అరచేత్తో నొక్కాలి. కొత్తవాళ్లు అంచు అందంగా సర్ది నడుమ వదులుగా వదిలేస్తారు. నాలుగు వరుసలు లేచేసరికి బతుకమ్మ ఒరుగుతుంది, అప్పుడు మళ్లీ మొదట్నుంచి పేర్చడం తప్ప దారి లేదు. అందుకే ప్రతి తాంబాలం దగ్గర చేయి తిరిగిన పెద్దామె ఒకరుండాలి.

తిండికి పులిహోర, మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే ముద్దలు), సత్తుపిండి చాలు. వందమందికి 8 కిలోల బియ్యం పులిహోర పెట్టండి, కిలోకు 150 గ్రాముల చింతపండు. అన్నం వెడల్పు పళ్లేల్లో ఆరాకే పులుసు కలపాలి. వేడిమీద కలిపి మూతపెడితే ఆవిరి పట్టి ముద్దవుతుంది, తొందరగా పాడవుతుంది. సత్తుపిండి పొడిది, నిలువ ఉంటుంది. మిగిలినా పొట్లాలు కట్టి అమ్ముకోవచ్చు.

ఈ కాలంలో ఒక్క వాన పడితే తోటంతా బురదే. ఆడే చోట, గేటు నుంచి అక్కడికి వచ్చే దారిలో ముందే మొరం పోయించండి. బావి ఉంటే జాలీ వేయించాలి.

డీజే మాటే ఎత్తొద్దు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుని చప్పట్లు కొట్టడమే బతుకమ్మ. పెద్ద స్పీకర్ మోగిందంటే పాడే నోళ్లన్నీ మూతపడతాయి, పిల్లలకు ఒక్క పాటా రాకుండా పోతుంది. ఊరూరా ఇప్పుడు ఇదే జరుగుతుంటే కడుపు మండుతోంది. పాడే ఆమెకు చిన్న మైకు చాలు. దానికీ పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి 10 దాటితే బంద్ చేయాల్సిందే.

ఇక డబ్బు. క్యూఆర్ కోడ్ మీ సొంత ఖాతాది వద్దు, ఆశ్రమం పేరు మీద ఉన్నదే అతికించండి. ఆశ్రమానికి 80జీ నమోదు (చందా ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చేది) ఉందో లేదో ముందే అడగండి. ఉన్నా సరే, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు, కాబట్టి పెద్ద మొత్తాలు యూపీఐలోనో చెక్కుగానో ఇవ్వమనండి. హుండీని ఆశ్రమం మనిషి ఒకరు, వచ్చినవాళ్లలో ఇద్దరు, ఈ ముగ్గురి ముందు తెరిచి లెక్కపెట్టి, ముగ్గురి సంతకాలున్న కాగితం ఫోటో ఆ రాత్రే అందరికీ వాట్సాప్‌లో పంపండి.