చిత్తుగా తాగడం, చిత్తుగా ఓడటం: ఇంగ్లాండు ఆసుపత్రిలో నేను నేర్చుకున్న మాటలు

మీ తమ్ముడు చదువుకోవడానికి ఇంగ్లాండు వెళ్తున్నాడనీ, అక్కడ తాగినవాడికీ ఓడినవాడికీ ఒకే మాట వాడతారని విన్నారనీ, ఇలాంటి మాటలు నేర్చుకుని వెళ్లడం అవసరమా అనీ అడిగారు. అవసరమే. వాడటానికి కాదు, విన్నప్పుడు అర్థం కావడానికి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. నేను గుంటూరులో నర్సింగ్ చదివాను. ఎనిమిదేళ్లుగా ఉత్తర ఇంగ్లాండులో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను.

చేరిన మూడో వారం. శుక్రవారం రాత్రి ఒంటిగంటా పది నిమిషాలు. ఇరవై ఏళ్ల కుర్రవాడిని అతని స్నేహితుడు చక్రాల కుర్చీలో తోసుకుంటూ తీసుకొచ్చాడు. ఒక కాలికి బూటు లేదు. మేజోడు తడిసి, మడమ దగ్గర చిరిగి ఉంది. ముంజేతికి నైట్‌క్లబ్‌లో కట్టిన ఆకుపచ్చ కాగితం పట్టీ. కుడి కనుబొమ మీద బొప్పి, దాని చుట్టూ ఎండిన రక్తం. తల ఎడమ పక్కకు వాలిపోయి, నోటి ఆ మూల నుంచి చొంగ కారుతోంది. ఏమైందని అడిగాను. స్నేహితుడు చెప్పిన మొదటి మాట: "పదింటికల్లా పారలిటిక్ అయిపోయాడు."

నేను చదివిన చదువులో పారలిటిక్ అంటే పక్షవాతం. ఇంకో అర్థం లేదు. పైగా అతడు వేళ కూడా చెప్పాడు. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పదింటికి మొదలైతే రెండున్నర దాకా గడువు. ఇంకా గంటా ఇరవై నిమిషాలే ఉంది. ఏ చెయ్యి పడిపోయింది, ఏ కాలు, మాట ముందు పోయిందా అని గబగబా అడిగాను. "అన్నీ పోయాయి, నిలబడలేకపోయాడు" అన్నాడు ఆ అబ్బాయి. అతడు చెప్పింది నిజమే. నేను అలారం నొక్కాను.

మద్యం వాసన రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. తాగినవాడికి పక్షవాతం రాకూడదని ఎక్కడ రాసి ఉంది?

పక్షవాతం కేసులు చూసే డాక్టరు పై అంతస్తు నుంచి మెట్లు దిగి పరుగున వచ్చాడు. రెండు ప్రశ్నలు వేశాడు. ఎంత తాగాడని మూడోది. స్నేహితుడు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండో చేతికి మారాడు. అప్పుడు మా సీనియర్ నర్సు, స్కాట్లాండ్ నుంచి వచ్చిన పెద్దావిడ, నా భుజం మీద చెయ్యి వేసి చెప్పింది: ఇక్కడివాళ్లు పారలిటిక్ అంటే ఒళ్లు తెలియకుండా తాగాడని అర్థం. అయినా తలకు దెబ్బ ఉంది కాబట్టి స్కానుకు పంపించింది. తలకు దెబ్బ తగిలి మగతగా ఉన్న మనిషిని, మెదడుకు ఏమీ కాలేదని తేలేదాకా, తాగిన మత్తే కదా అని వదిలేయకూడదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లోనే ఉన్న నియమం ఇది. స్కానులో ఏమీ లేదు. ఆరింటి దాకా అరగంటకోసారి అతని కనురెప్పలు ఎత్తి టార్చి వేసి చూశాను. మెలకువ వచ్చాక మొదట బూటు ఎక్కడుందని అడిగాడు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ కొద్ది నిమిషాల్లో నిజంగా పక్షవాతం వచ్చిన మనిషి తలుపు దగ్గరికి వచ్చి ఉంటే, డాక్టరు నా దగ్గర ఉండేవాడు. ఆ ఆలోచన ఇప్పటికీ పోలేదు.

నా కోపమంతా మన కోచింగ్ సెంటర్ల మీద. విదేశీ నర్సులు బ్రిటన్‌లో రిజిస్టర్ కావాలంటే మామూలుగా ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ, రెంటిలో ఒక ఇంగ్లీషు పరీక్ష రాయాలి. నేను విజయవాడలో నాలుగు నెలలు శిక్షణ తీసుకున్నాను. తాగిన మనిషిని ఇన్‌టాక్సికేటెడ్ అనాలని, ఇంకా బాగా రాయాలంటే ఇనీబ్రియేటెడ్ అనాలని నేర్పారు. ఆ రెండో మాటను ఈ ఎనిమిదేళ్లలో ఒక్క రోగి నోటా వినలేదు. వాన పడితే పిల్లులూ కుక్కలూ కురిశాయని అంటారని ఒక పేజీ నిండా జాతీయాలు బట్టీ పట్టించారు. ఇంత వాన పడే ఊళ్లో అది కూడా ఎవరూ అనలేదు. తాగినవాడిని ప్రజలు అనేది హాఫ్ కట్, ప్లాస్టర్డ్, స్మాష్డ్, లెగ్‌లెస్, స్టీమింగ్. గాయాలకు కట్లు కట్టే చోట నిలబడి హాఫ్ కట్ అని వింటే ఎవరైనా ముందు కోత ఎక్కడుందని వెతుకుతారు.

ఇక ఒకే మాట సంగతి. హ్యామర్డ్ అంటే బాగా తాగాడని అర్థం, ఫుట్‌బాల్‌లో ఐదు గోల్స్ తేడాతో ఓడిపోయారనీ అర్థం. దీన్ని వింతగా చెప్పుకునే మనవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. మనం చిత్తుగా తాగాడు అనమా? చిత్తుగా ఓడాడు అనమా? కుస్తీలో వీపు నేలకు ఆనినవాడు చిత్తు. తాగి పడిపోయినవాడూ అలాగే పడి ఉంటాడు కదా. ఇంగ్లీషు మాట సుత్తి దెబ్బ నుంచి వచ్చింది, మన మాట గోదా నుంచి వచ్చింది, అంతే తేడా. ఇంకా చెప్పాలంటే మన భాషలోనే ప్రమాదం ఎక్కువ. గుంటూరు ఆసుపత్రిలో ఒక ఇంగ్లీషు నర్సు ఉండి, "రాత్రి మందు వేసుకుని పడుకున్నాడు సిస్టర్" అని రోగి భార్య చెబితే ఆమె ఏమని రాసుకోవాలి?

ఓటమి మాటల్లో కూడా సీసా కనిపిస్తూనే ఉంటుంది. ఫియాస్కో ఇటాలియన్ మాట, అర్థం సీసా. ప్రదర్శన బెడిసికొడితే అక్కడి నాటకాలవాళ్లు సీసా చేశాడు అనేవారట. గుర్రం మీద నుంచి తలకిందులుగా పడటాన్ని కేమ్ ఎ క్రాపర్ అనేవారు. ఇప్పుడు వ్యాపారంలో దెబ్బతిన్నవాడికీ అదే, మెట్ల మీద జారినవాడికీ అదే. డ్యాంప్ స్క్విబ్ అంటే చెమ్మ తగిలి తుస్సుమన్న టపాకాయ. దీపావళి చేసుకునేవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

తాగుడు మాటల జాబితా వేయడం ఇప్పటి సరదా కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1737లో తన పత్రికలో 200కు పైగా అచ్చువేశాడు. 2024లో జర్మనీలో పనిచేసే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు 546 లెక్కతేల్చారు. దాదాపు ఏ నామవాచకానికైనా చివర భూతకాల ప్రత్యయం తగిలించి, ముందు పూర్తిగా అనే అర్థమున్న మాట పెడితే తాగాడనే అర్థం వస్తుందని వాళ్లు చూపించారు. తోటలో కట్టుకునే చిన్న మండపం గెజిబోను కూడా ఒక హాస్యనటుడు అలా వాడాడు. కాబట్టి జాబితా బట్టీ పట్టి లాభం లేదు. వచ్చే శుక్రవారం కొత్తది పుడుతుంది. ఇన్ని మాటలు ఎందుకంటే, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం ఇంగ్లీషువాళ్లకు ఇష్టం ఉండదు. 1966 నుంచి 1968 దాకా బ్రిటన్ విదేశాంగ మంత్రిగా ఉన్న జార్జ్ బ్రౌన్ తాగుడు అందరికీ తెలిసిందే. ప్రైవేట్ ఐ అనే వ్యంగ్య పత్రిక మాత్రం అలసిపోయి ఉద్వేగంగా ఉన్నాడు అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది. మా దగ్గర రోగుల భార్యలు ఇప్పటికీ ఇంచుమించు అదే అంటారు.

దీనికి అటువైపు కూడా ఉంది, అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఒక రాత్రి టాక్సీ డ్రైవరు యాభై ఏళ్ల మనిషిని దించి, వేస్టెడ్ (బాగా తాగాడు) అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. మాట ముద్దగా ఉంది, నడక తూలుతోంది. వేలికి సూది గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది, ఇక్కడి లెక్కలో 2.1. మన లెక్కలో 38. చుక్క మద్యం తాగలేదు, ఇన్సులిన్ వేసుకుని భోజనం మానేశాడు. తాగుబోతని చెప్పే మాటలు 546 ఉన్నాయి, చక్కెర పడిపోయినవాడికి వీధిలో నేను ఒక్కటీ వినలేదు.

మీ తమ్ముడికి చెప్పండి: అక్కడ తెలియని మాట వినగానే అర్థమైనట్టు తల ఊపవద్దు. మనవాళ్లకు ఆ అలవాటు ఉంది, నాకూ ఉండేది. అడిగితే చిన్నతనం అనుకుంటాం. ఇప్పుడు నేను కుర్చీ పక్కన వంగి స్నేహితుడి కళ్లలోకి చూస్తూ అడుగుతాను: "తాగి పడిపోయాడా, తాగకుండానే కాలూ చెయ్యీ పడిపోయాయా?" ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరు కాసేపు ఆలోచించి, "ఏమో, అతను రెండే తాగాడు" అంటారు. అప్పుడు నేను అలారం నొక్కుతాను.