‘శంకరాభరణం’ జాతీయ ఉత్తమ చిత్రమా?

కాదు, ‘శంకరాభరణం’కి వచ్చింది ఆరోగ్యకరమైన వినోదం అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రం అవార్డు. కె. విశ్వనాథ్ సినిమాల్లో ఏది గొప్పదన్న వాదన రాగానే ‘శంకరాభరణానికి స్వర్ణకమలం (జాతీయ సినిమా అవార్డుల్లో ఇచ్చే పతకం) వచ్చింది కదా, ఇంకేం’ అని తేల్చేస్తారు చాలామంది. తికమకంతా అక్కడే. స్వర్ణకమలం ఒక్క ఉత్తమ చిత్రానికే ఇచ్చేది కాదు. 1979 సినిమాలకిచ్చిన ఆ 27వ జాతీయ అవార్డుల్లోనే ఉత్తమ చిత్రం హిందీ ‘శోధ్’, దానికీ స్వర్ణకమలమే.

శంకరాభరణంలో సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం కూడా జాతీయ అవార్డులు అందుకున్నారు. ‘స్వాతిముత్యం’ లెక్క వేరు: ఉత్తమ తెలుగు చిత్రం, పైగా ఆస్కార్‌కి మన దేశం పంపిన సినిమా. జాతీయ ఉత్తమ చిత్రం గౌరవం తెలుగుకి తొలిసారి తెచ్చింది 2015 నాటి ‘బాహుబలి’. విశ్వనాథ్ అభిమానులకు ఇది కాస్త మింగుడుపడకపోవచ్చు.