శనివారాలు దాచుకోకు తల్లీ

ప్రశ్న: కాకినాడ నుంచి చెన్నైకి చదువుకోడానికి వచ్చి నాలుగు నెలలైందండీ. శనివారం వస్తే స్నేహితురాళ్లతో టీ నగర్లో షాపింగ్, ఎక్కడైనా పాటల ప్రోగ్రాం, చివర్లో కొరియన్ భోజనం. చాలా సంతోషంగా ఉంటోంది. కానీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇవి చెప్పబుద్ధి కావడం లేదు. మానుకోమంటారా?

జవాబు: మానుకోవద్దమ్మా. దాచడం మాత్రం మానెయ్.

1999లో నేను ఒంగోల్లో పినాకిని రైలెక్కి ఈ ఊరొచ్చాను. మొదటి ఏడాదంతా హాస్టల్, కాలేజీ, మళ్ళీ హాస్టల్. పుస్తకాలు తప్ప ఇంకేం ముట్టుకోలేదు. ఉద్యోగంలో చేరాక బస్సు నంబర్ల దగ్గర్నుంచి అన్నీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. నువ్వు నాలుగు నెలల్లోనే ఊళ్ళో తిరుగుతున్నావంటే నాకు ఆనందంగా ఉంది.

అసలు ఆ టీ నగర్ పేరులోనే మనవాళ్ళున్నారు. 'టీ' అంటే త్యాగరాయ. జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగింటి మనిషి. పానగల్ పార్కు కూడా మన పానగంటి రామారాయణింగారి పేరు మీదదే. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి ఆయన.

షాపింగ్‌కి పాండీ బజార్ అయితే నడక హాయి. రంగనాథన్ వీధికి మాత్రం మామూలు రోజు పొద్దున్నే, షాపులు తీసే వేళకి వెళ్ళు. మాంబళం స్టేషన్ నుంచి బస్టాండు దాకా పైనుంచే నడిచే వంతెన 2023లో వచ్చింది, వాడుకో. దీపావళి ముందు వారం అటు పోకు. కాలేజీ రోజుల్లో ఒక దీపావళికి అక్కడే ఎవరో నా బ్యాగు పట్టీ బ్లేడుతో కోసేశారు. మెస్సు డబ్బులన్నీ అందులోనే. స్టేషన్ మెట్ల మీద ఏడుస్తుంటే పూలమ్మే ఆవిడ 'అళాదే కణ్ణు' (ఏడవకు తల్లీ) అంటూ టిక్కెట్ డబ్బులు చేతిలో పెట్టి, ఒక మూర మల్లెపూలు కూడా తుంచి ఇచ్చింది. వారం తర్వాత డబ్బులు తిరిగివ్వబోతే పూలకి తీసుకోలేదు. అప్పట్నుంచి డబ్బులు రెండు చోట్ల పెట్టుకుంటాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఇక సంగీతం. పెద్ద స్టేజి ప్రోగ్రాములకి వెళ్తే తిరుగు ప్రయాణం ముందే చూసుకో, మెట్రో రాత్రి పదకొండింటి దాకానే. జనవరిలో ఐఐటీ వాళ్ళ సారంగ్ వస్తుంది, తప్పకుండా వెళ్ళు. కానీ నా మనసంతా మార్గళి మీదే, అంటే మన ధనుర్మాసం. డిసెంబర్ మధ్య నుంచి ఊరంతా కచేరీలే. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ సరే, కచేరీలు పెట్టే సభలు ఇంకా ఎన్నో ఉన్నాయి. సాయంత్రం కచేరీలకి టిక్కెట్ కొనాలి గానీ, పగటివి చాలా చోట్ల ఉచితం. పైకొస్తున్న పిల్లలు పాడేది అప్పుడే.

ఓసారి అలాంటి పగటి కచేరీలో నా పక్కన ఒక మామి కూర్చుంది. డెబ్భై ఏళ్ళుంటాయి. చిన్న నోటుబుక్కులో రాగాల పేర్లు రాసుకుంటోంది. నేను తెలుగుదాన్నని తెలియగానే, 'త్యాగయ్య కీర్తనలో నెనరు అంటారే, అర్థం ఏమిటమ్మా?' అని అడిగింది. కీర్తనంతా ఆవిడకి చిన్నప్పట్నుంచి కంఠతా వచ్చు. నేను మాత్రం ఆ మాట సరిగ్గా చెప్పలేకపోయాను. రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి నాన్నకి ఫోన్ చేశాను. 'ప్రేమేనమ్మా, దయ కలిసిన ప్రేమ' అన్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి చెబితే ఆవిడ తమిళ అక్షరాల్లో రాసుకుని, పక్కన గీత గీసుకుంది. మన మాటల్ని ఇంత భద్రంగా దాచుకున్న ఊరమ్మా ఇది. నీ పక్కనా ఎవరో ఒకరు అలా అడుగుతారు.

కొరియన్ భోజనం గురించి నువ్వు మొహమాటపడక్కర్లేదు. ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్లు 1998 నుంచి తయారవుతున్నాయి. వాటి వెంట వచ్చిన కొరియా కుటుంబాలతోనే ఆ వంటలూ ఇక్కడ స్థిరపడ్డాయి. మన పెనుకొండ దగ్గర కియా ఉంది కదా, అలాగే. క్యాబేజీతో పెట్టే కిమ్చీని మనవాళ్ళు ఆవకాయతో పోలుస్తారు గానీ, నాకైతే దాని పులుపు తరవాణికి దగ్గర. నూనె లేదు, ఊరి పులిసిన రుచి. రాతి గిన్నెలో చిటపటలాడుతూ వచ్చే బిబింబాప్‌ని, అంటే పైన కూరలూ గుడ్డూ పెట్టిన అన్నాన్ని, కలిపేశాక కాసేపు ఆగు, అడుగున అన్నం మాడుకట్టి కరకరలాడుతుంది. దాన్ని గీకి తినడంలోనే ఉంది మజా. అన్నానికి వాళ్ళూ చెంచానే వాడతారు, పుల్లలతో అవస్థ పడకు. చుట్టూ పెట్టే చిన్న కూరలు అడిగితే మళ్ళీ వేస్తారు, కాబట్టి ఇద్దరికో గిన్నె సరిపోతుంది. శాకాహారులు వెంట ఉంటే మాత్రం అడిగి తినండి. కిమ్చీలో ఎక్కువగా ఉప్పు రొయ్యలో చేప రసమో పడుతుంది.

ఖర్చంటావా, నెల మొదట్లోనే శనివారాల డబ్బు వేరే తీసిపెట్టు. అది అయిపోతే ఆ నెలకి ఉచిత కచేరీలే.

డిసెంబర్లో మీ అమ్మగారిని పిలిపించు. పొద్దున సభలో కచేరీ, అక్కడి క్యాంటీన్లో టిఫిను, సాయంత్రం పాండీ బజార్, రాత్రికి బిబింబాప్. ఆవిడ గుడ్డు తినకపోతే ముందే వద్దని చెప్పు. ఒక్క సంగతి మర్చిపోకు: పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలే మోగే తని ఆవర్తనం మొదలవగానే చాలామంది కాఫీకి లేచిపోతారు, మీరు లేవకండి. మృదంగం వాయించే మనిషి అప్పటిదాకా ఆ పది నిమిషాల కోసమే ఎదురుచూసి ఉంటాడు.