ఎన్నారై సందేహాలు: బెర్లిన్ చలిలో శుక్రవారం రాత్రి బయటికి వెళ్ళాలా?

ప్రశ్న: అక్కా, ఉద్యోగం వచ్చి ఫిబ్రవరిలో బెర్లిన్ చేరాను. మాది తెనాలి. మే చివర్లో నా పుట్టినరోజు. ఏప్రిల్ సగం గడిచినా చలి వదలడం లేదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్ళు బయటికి వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. నాకు మందు అలవాటు లేదు. అర్ధరాత్రి ఆ చలిలో ఇంటికి ఎలా రావాలో తెలియదు. ఎండలు ముదిరాక చూద్దాంలే అని ఆగాను. ఎలాంటి కోటు కొనాలి, రాత్రిపూట రైళ్ళు ఉంటాయా, ఖర్చు ఎంతవుతుంది?

జవాబు: తమ్ముడూ, కోటు, రైలు, ఖర్చు ఈ మూడూ చెప్తాను. కానీ నీ ఉత్తరంలో నాకు భయం వేసిన మాట వేరే ఉంది. "ఎండలు ముదిరాక చూద్దాంలే." ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఆ వసంతమంతా గదిలోనే గడిచిపోయింది. అందుకని ముందు ఆ సంగతి విను.

మార్చి చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కదా, అప్పటి నుంచి మనకీ ఇండియాకీ మూడున్నర గంటల తేడా. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కుక్కర్ పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకునేసరికి ఏడున్నర అవుతుంది. తెనాలిలో అప్పటికి పదకొండు. అమ్మానాన్నా పడుకుని ఉంటారు, లేదా నీ కోసం నిద్ర ఆపుకుని కూర్చుంటారు. నాలుగు మాటలయ్యాక "తిన్నావా, జాగ్రత్త" అని పెట్టేస్తారు. ఆ తర్వాత మనది అనుకున్న లోకమంతా నిద్రపోతుంది. ఇక్కడ చూస్తే ఏప్రిల్ నెలాఖరుకి ఎనిమిదిన్నర దాకా వెలుతురు. పడుకుందామంటే చీకటే పడదు. కిటికీలోంచి చూస్తే కింద జనం గుంపులు గుంపులుగా నవ్వుకుంటూ పోతుంటారు. నన్ను కుంగదీసింది చలి కాదు, రోజూ సాయంత్రం ఒంటరిగా గడపాల్సిన ఆ నాలుగైదు గంటలు.

ఇందులో నా తప్పూ ఉంది. మన వైపు ఎవరైనా రమ్మంటే మొదటిసారి "అయ్యో, ఎందుకండీ" అంటాం. వాళ్ళు మళ్ళీ పిలుస్తారు, మొహమాటపడతాం, మూడోసారి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు. అప్పుడు వెళ్తాం. అది మన మర్యాద. నేనిక్కడా అలాగే చేశాను. ఒక శుక్రవారం అలసిపోయానన్నాను, ఇంకో శుక్రవారం చలి అన్నాను, ఆ తర్వాత ఇంట్లో పని ఉందన్నాను. వాళ్ళు తల ఊపి "సరే, శనాదివారాలు హాయిగా గడుపు" అనేసి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి పిలవడం మానేశారు. పరాయిదాన్నని నన్ను దూరం పెట్టారనుకుని, గదికి వచ్చి ఏడ్చేదాన్ని. చాలా కాలం తర్వాత నా పక్క సీటావిడ అసలు సంగతి చెప్పింది: "నీకు బయట తిరగడం ఇష్టం లేదనుకున్నాం. వద్దన్న మనిషిని మళ్ళీ మళ్ళీ పిలిస్తే విసిగించినట్టు కాదా?" వాళ్ళ దృష్టిలో వాళ్ళు నాకు మర్యాదే చేశారు. నీ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఇంకో రెండుసార్లు వద్దంటే నీ పేరు ఆ గుంపులోంచి చల్లగా జారిపోతుంది. ఎవరికీ నీ మీద కోపం ఉండదు, పిలుపే ఉండదు.

మరి నేనెలా బయటపడ్డానంటావా? సిగ్గు చంపుకుని నేనే అడిగాను, ఈ శుక్రవారం నేనూ రావచ్చా అని. ఆ రోజు ప్రెంట్స్‌లావర్ బెర్గ్ అనే పేటలో పింగ్‌పాంగ్ ఆడే ఒక బార్‌కి తీసుకెళ్ళారు. ఓ పెద్ద గది, సున్నం ఊడిన గోడలు, మధ్యలో ఒకే ఒక్క టేబుల్. కొంత డబ్బు డిపాజిట్ కట్టి బ్యాట్ తీసుకోవాలి. పదిహేనూ ఇరవై మంది టేబుల్ చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటారు. నీ వంతు వచ్చినప్పుడు బంతిని ఒక్క దెబ్బ కొట్టి ముందుకు జరగాలి. తప్పితే పక్కకి వెళ్ళి నిలబడాలి. చివరికి ఇద్దరే మిగిలి ఆడుకుంటారు, తర్వాత అందరూ మళ్ళీ మొదలుపెడతారు. రుండ్‌లౌఫ్ అంటారు దీన్ని. ఒక చేతిలో బ్యాట్, ఇంకో చేతిలో సీసా పట్టుకుని ఆడేవాళ్ళూ ఉంటారు. జర్మన్ రానక్కర్లేదు, ఏం మాట్లాడాలా అని టెన్షన్ అక్కర్లేదు. నేను ప్రతిసారీ మొదట్లోనే అవుటయ్యాను. అలా అవుటై గోడకి ఆనుకున్న వాళ్ళతోనే మాటలు కలిశాయి. వాళ్ళలో ఒకమ్మాయి ఇవాళ్టికీ నా స్నేహితురాలు. మాట్లాడటమంటే బెరుకైతే నువ్వూ అలాంటి చోటే వెతుక్కో. బోర్డు గేములు ఆడే కెఫేలు ఉన్నాయి, క్లైంబింగ్ హాళ్ళున్నాయి, ప్రతి జిల్లాలోనూ ఫోల్క్స్‌హోఖ్‌షూలే (పెద్దవాళ్ళ కోసం నడిపే ప్రభుత్వ విద్యా కేంద్రం) వాళ్ళ సాయంత్రం భాషా క్లాసులున్నాయి.

మందు గురించి అసలు బెంగ పెట్టుకోకు. ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె అడుగు, లేదా "క్లబ్ మాటే" అనే టీ ఆకు సోడా తీసుకో. ఆల్కహాల్ లేని బీరు కూడా దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఎందుకు తాగవని ఆరా తీసేవాళ్ళు తక్కువ. గ్లాసులు తగిలించేటప్పుడు మాత్రం ఎదుటి వాళ్ళ కళ్ళలోకి చూడాలి. తల దించుకున్నావో, అదే వాళ్ళకి పట్టింపు.

ఇక కోటు. మీ తరం వాళ్ళు వీడియోలు చూసి, మంచుకొండ ఎక్కేవాడు వేసుకునే లావుపాటి జాకెట్ ఒకటి కొనుక్కుని వచ్చేస్తారు. ఏప్రిల్‌లో అది మధ్యాహ్నం ఎక్కువ, రాత్రి చాలదు. పగలు పద్నాలుగు డిగ్రీలు, రాత్రికి నాలుగు, ఒక్కోసారి సున్నా. ఒకే పూటలో ఎండా, వడగళ్ళూ రెండూ చూస్తావు. ఉల్లిపాయలా పొరలు పొరలుగా వేసుకోవాలి. లోపల పల్చటి థర్మల్, పైన చొక్కా, స్వెటర్, ఆ పైన గాలి చొరబడని తేలికపాటి జాకెట్. కాళ్ళు ముఖ్యం, అడుగు మందంగా ఉన్న బూట్లు వేసుకో. క్రాయిట్స్‌బెర్గ్‌లో కాలువ మీద అడ్మిరాల్ వంతెన ఉంది, సాయంత్రాలు కుర్రకారంతా ఆ రాళ్ళ మీదే కూర్చుంటారు. ఎండ బాగుంది కదా అని నేనోసారి చుడీదార్ మీద శాలువా కప్పుకుని వెళ్ళి కూర్చున్నాను. సూర్యుడు దిగగానే రాతి చలి నడుములోకి ఎక్కింది, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అప్పుడప్పుడే కబుర్లు మొదలవుతుంటే లేచి వచ్చేయాల్సి వచ్చింది. బ్యాగులో ఒక మడత దుప్పటి ఉంటే ఇంకో రెండు గంటలు మనుషుల మధ్య ఉండేదాన్ని. కెఫేల బయట కుర్చీల మీద దుప్పట్లు వేసి ఉంటాయి చూడు, అవి మన కోసమే, మొహమాటపడకుండా కప్పుకో.

మే వస్తే చలి పోతుందనుకోకు. మే 11 నుంచి 15 దాకా ఇక్కడ మంచు మునుల రోజులంటారు, చలి ఒక్కోసారి తిరిగొచ్చే రోజులన్నమాట. అవి దాటేదాకా తోటమాలులు టమాటా మొక్కలు బయట నాటరు. పైగా హీటింగ్ సీజన్ మామూలుగా ఏప్రిల్ 30తో అయిపోతుంది, చాలా బిల్డింగుల్లో ఆ తర్వాత తగ్గించేస్తారు. కాబట్టి చలి అని గదిలో దాక్కుంటే, ఆ గదే చల్లబడుతుంది.

రాత్రి ప్రయాణానికి భయమేమీ లేదు. శుక్ర, శనివారం రాత్రుళ్ళు ఊ-బాన్ (మెట్రో) రైళ్ళు తెల్లవార్లూ తిరుగుతాయి. మిగతా రోజుల్లో రైలు ఆగిపోతే ఎన్ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సులుంటాయి. ఎక్కడ ఏది ఆగుతుందో యాప్‌లో చూసుకో. లోకల్ రైళ్ళకీ బస్సులకీ పనికొచ్చే నెల పాస్, డాయిచ్‌లాండ్ టికెట్, 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63. మీ ఆఫీసు వాళ్ళు కొంత భరిస్తారేమో హెచ్ఆర్‌ని అడుగు. స్టేషన్లలో గేట్లు లేవు కదా అని టికెట్ లేకుండా ఎక్కితే 60 యూరోల జరిమానా. మిగతా రూల్సు బెర్లిన్ రవాణా సంస్థ సైట్‌లోనే ఉన్నాయి.

ఖర్చు నీ చేతిలోనే ఉంటుంది. ఎవరి బిల్లు వాళ్ళే కట్టుకుంటారు, అది పిసినారితనం కాదు. కార్డు తీసుకోని బార్లు ఇంకా ఉన్నాయి, జేబులో కాస్త నగదు ఉంచుకో. చేతిలో డబ్బు లేని వారం కూడా మానెయ్యకు. ష్పేటిలో (రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే చిన్న కొట్టు) ఒక సీసా కొనుక్కుని దాని ముందు బల్ల మీద కూర్చునే సాయంత్రాలు ఇక్కడ బోలెడు.

క్లబ్బుల సంగతి నువ్వడగలేదు, కానీ ఎవరో ఒకరు లాక్కెళ్తారు. ఆ క్లబ్బుల్లో మోగే బెర్లిన్ టెక్నో సంగీతం 2024లో జర్మనీ సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. లోపల ఫోటోలు తీయకుండా ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు. గుమ్మం దగ్గర కాదన్నారా, గుడ్‌నైట్ చెప్పి వచ్చేయ్. వాళ్ళు చాలామందిని వెనక్కి పంపిస్తారు. అది నీ గురించి తీర్పు కాదు.

మన తెలుగువాళ్ళ గెట్‌టుగెదర్లకీ వెళ్ళు, నేను వద్దనడం లేదు. కానీ అవి ఏ ఉగాదికో, దీపావళికో. మంగళవారం రాత్రి ఎనిమిది గంటలకి ఫోన్ చేస్తే నడిచి వచ్చేంత దూరంలో ఒక మనిషి కావాలి నీకు. ఆ మనిషి పక్కింటి జర్మన్ అయినా సరే, సిరియా కుర్రాడైనా సరే.

నీ పుట్టినరోజు మే చివర్లో అన్నావు కదా. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్ళే తేవాలి. పదిమందినీ పిలవాల్సింది కూడా నువ్వే. రెండు రోజుల ముందు చెప్తే రారు, డైరీలో రాసుకుంటారు కాబట్టి మూడు వారాల ముందే చెప్పు. టెంపెల్‌హోఫ్ మైదానానికి రమ్మను. అది పాత విమానాశ్రయం, 2008లో మూసేశారు, 2010 నుంచి పార్కు. రన్‌వే పక్కన గడ్డి మీద కూర్చోవచ్చు, చీకటి పడ్డాక గేట్లు వేసేస్తారు కాబట్టి ఐదింటికల్లా మొదలుపెట్టు. కేకుతో పాటు ఓ పెద్ద గిన్నెడు పులిహోర చెయ్యి. మిరపకాయలు తగ్గించు, పల్లీలు పడని వాళ్ళెవరైనా ఉన్నారేమో ముందే అడుగు. చెంచాలు మర్చిపోకు.