ఓడలో డీసీ, ఇంటి రేడియో

ప్రశ్న: పాత ఓడల్లో 220 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఉండేదట. ఇంటి ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) రేడియోను అందులో పెడితే ఎందుకు కాలిపోయేది? బల్బు మాత్రం బాగానే వెలిగేదట!

జవాబు: తప్పు రేడియోలోని ట్రాన్స్‌ఫార్మర్‌ది. ఏసీలో కరెంటును అదుపు చేసేది దాని తీగచుట్ట ఇండక్టెన్స్, అంటే మారే కరెంటును అడ్డుకునే గుణం. డీసీలో అది పనిచేయదు, తీగ రెసిస్టెన్స్ ఒక్కటే మిగులుతుంది. అది 40 ఓమ్‌లనుకుంటే 5.5 ఆంపియర్లు, అంటే 1,200 వాట్ల పైన వేడి! ముందు వార్నిష్ కమురు వాసన, ఆ వెంటనే పొగ. సరైన ఫ్యూజు లేకపోతే మంటే.

బల్బుకు ఏసీ అయినా డీసీ అయినా ఒకటే. ఇస్త్రీపెట్టె కూడా వేడెక్కుతుంది కానీ, ఏసీ థర్మోస్టాట్ (వేడి ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) ఉన్నదైతే అస్సలు పెట్టకూడదు. 50 సైకిళ్ల ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో ఆ విరామమే లేదు. రవ్వ సాగి కాంటాక్టులు అతుక్కుపోతాయి, పెట్టె ఆగకుండా కాలుతూనే ఉంటుంది.

డీసీ ఓడ స్విచ్‌బోర్డు మీద, తీగ ఏదైనా ఓడ ఇనుముకు తగిలిందేమో చూపే రెండు ఎర్త్ దీపాలు ఉంటాయి. రెండూ సమానంగా, మందంగా వెలిగితే క్షేమం. పాజిటివ్ తీగ ఓడ ఇనుముకు తగిలితే ఆ వైపు దీపం ఆరి, రెండోది ప్రకాశిస్తుంది. అప్పుడు సర్క్యూట్లను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. ఏది ఆపితే దీపాలు సమానమవుతాయో లోపం అందులోనే. ఆలస్యం వద్దు: నెగటివ్ కూడా తగిలితే ఓడ ఇనుము మీదుగా షార్ట్ సర్క్యూటే.