చిప్ ఎవరూ అడగరు, అయినా వేయించండి

తిరుపతిలో కుక్కనో పిల్లినో పెంచుకుంటే రిజిస్ట్రేషన్, మైక్రోచిప్ (చర్మం కింద వేసే నంబరున్న చిన్న ముక్క) తప్పనిసరా అని అడిగారు. ఇంట్లో పెంచుకునే ప్రతి కుక్కకూ చిప్ ఉండి తీరాలని దేశమంతటికీ ఒక చట్టమేమీ లేదు. కుక్కలకు పిల్లల్ని పెట్టించి అమ్మేవాళ్లకు మాత్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం తెచ్చిన 2017 రూల్స్ ప్రకారం చిప్ వేయించాల్సిందే. లైసెన్స్ సంగతి ఊరి కార్పొరేషన్ చూసుకునేది, ఆఫీసుకెళ్లి అడగండి. మీకు నేను చెప్పాలనుకున్నది వేరే.

మా కర్రోడు నల్ల లాబ్రడార్. రెండేళ్ల కిందట దీపావళి రాత్రి, బైరాగిపట్టెడలో మా వీధి చివర లక్ష్మీబాంబు పేలింది. పిల్లలు గేటు తీసి పెట్టారు. అంతే, పారిపోయాడు. మూడు రోజులు కపిలతీర్థం దగ్గర్నుంచి రైల్వే స్టేషన్ దాకా బండి మీద తిరిగాను. మా అమ్మ అన్నం ముట్టలేదు.

నాలుగో రోజు కొర్లగుంటలో ఒక టీకొట్టు ఆయన, "ఆ నీలం గేటు ఇంట్లో నల్లకుక్క ఒకటి కొత్తగా వచ్చింది సామీ" అన్నాడు. వెళ్లేసరికి వరండాలో ఒక చిన్నపాప స్టీలు గిన్నెలో పెరుగన్నం పెడుతోంది, మావాడు తింటున్నాడు. నన్ను చూసి ఎగిరి మీద పడ్డాడు. ఇంటాయన కదల్లేదు. "లాబ్రడార్ ఎవరి మీదకైనా ఎగురుతుందినా. నీదేనని రుజువేముంది?"

జేబులోంచి టీకా పుస్తకం తీసి ఇచ్చాను. అందులో ఉన్నదంతా ఇదే: లాబ్రడార్, మగ, నలుపు. ఆయన చూసి తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఈ పుస్తకం పట్టుకుని తిరుపతిలో ఏ నల్లకుక్కనైనా తోలుకుపోవచ్చు గదనా." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది నిజం.

అప్పుడు నాతో వచ్చిన మా అమ్మ ఆయనతో అంది, "నాయనా, ఎడమ చెవి ఎత్తి లోపల చూడు, మూడు కుట్లుంటాయి." చిన్నప్పుడు ఇనపకంచెలో చెవి ఇరుక్కుంటే వేయించిన కుట్లవి. ఆయన చెవి మడిచి వేలితో తడిమాడు. మచ్చలు మూడూ కనిపించాయి. గొలుసు నా చేతికిచ్చాడు. పాప ఏడుస్తూనే ఉంది.

ఆ కుట్లే లేకపోతే? ఆ వారంలోనే చిప్ వేయించాను. టీకా సూది కంటే లావు సూది, భుజాల మధ్య చర్మం కిందకు బియ్యపుగింజంత ముక్క వెళ్తుంది. కర్రోడు ఒక్కసారి కుయ్యిమన్నాడు, అంతే. స్కానర్ పెడితే 15 అంకెలు వచ్చాయి. చిప్ వేస్తే కుక్క ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు, అది జీపీఎస్ కాదు. ఆ నంబరుకు మీ ఫోన్ నంబరు జతచేసి నమోదు చేయించకపోతే వేయించినా దండగే. వేసిన రోజే మీ ముందే స్కాన్ చేసి చూపించమనండి.

అసలు అమ్మేవాళ్లే ఇది చేసి ఇవ్వాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కూడా ఆ 2017 రూల్స్‌లోనే ఉంది. అయినా నెల పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో మంచు ప్రాంతాల కుక్కలైన హస్కీలను కొనేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. పెద్దదయ్యాక బైపాస్ పక్కన దించేసి పోతారు. అది నేరమే. కానీ 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మనిషికి రెండు దోసెల డబ్బు కూడా కాదు! చిప్ ఉంటే కనీసం వదిలేసిందెవరో తెలుస్తుంది. అందుకే అందరికీ తప్పనిసరి చేయాలంటాను.

పిల్లుల్ని మన దగ్గర ఎవరూ లెక్కలోకే తీసుకోరు. ఇంగ్లండులో 2016 నుంచి కుక్కలకు, 2024 జూన్ నుంచి పెంపుడు పిల్లులకూ చిప్ తప్పనిసరి. గోడలెక్కి తిరిగేది పిల్లే కాబట్టి దానికే ముందు వేయించాలి. మా అమ్మ పిల్లికి కూడా వేయించాం. రెండు నంబర్లూ టీకా పుస్తకం మొదటి పేజీలో ఉన్నాయి, ఇంకో కాగితం మీద రాసి బియ్యం డబ్బా మూత లోపల అతికించాను.