ఫిట్స్ మందు అడగగానే స్ట్రిప్ తీసి ఇచ్చేయకు

అల్లుడూ, కాశీనగర్‌లో మందుల షాపు తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. మిగతావన్నీ పనిలో పడితే నీకే వస్తాయి గానీ ఫిట్స్ మందుల సంగతి ముందే చెప్పాలి. మన పర్లాకిమిడి వైపు జనం విశాఖలోనో బరంపురంలోనో ఒకసారి చూపించుకుని ఆ నలిగిన చీటీతోనే నెలలు నెట్టుకొస్తారు. చీటీ తేదీ చూడు, మళ్లీ చూపించుకోమని చెప్పు. అన్నాళ్లూ వాళ్లని చూసే మందులు తెలిసిన మనిషివి నువ్వొక్కడివే.

అక్కడ రాసిన బ్రాండు ఇక్కడ దొరకదు. జ్వరం మాత్రయితే ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు అలా కాదు. రక్తంలో మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి, తగ్గితే ఫిట్స్, దాటితే తూలుడు. డోసు కాస్త పెంచినా ఒక్కోసారి ఒంట్లో అమాంతం పెరిగిపోతుంది. అందుకే రోజూ వాడేవాళ్ల బ్రాండు రాసిపెట్టుకుని ముందే తెప్పించు. లేకపోతే డాక్టరుకి ఫోన్ చేసి అడుగు, అంతేగానీ రేపు రమ్మని ఉత్త చేతులతో పంపకు, ఒక్కసారిగా మానేస్తే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

గుమ్మ ఊరి నుంచి ఫెనిటాయిన్ కోసం ఒకాయన వచ్చేవాడు. ఓ నెల కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు, మాట ముద్దగా వస్తోంది, వెనకున్నవాళ్లు తాగాడనుకున్నారు. ఇంకేం మందులు వాడుతున్నావని అడిగితే సంచిలోంచి టీబీ మాత్రలు తీశాడు. వాటిలో ఐసోనియజిడ్ ఫెనిటాయిన్‌ని పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది, ఏది పైచెయ్యి అవుతుందో మనిషిని బట్టి ఉంటుంది. రక్తపరీక్ష చేయించమని ఆ పూటే డాక్టరు దగ్గరికి పంపించాను. ఇంకేం మందులు వాడుతున్నారన్న ఆ ప్రశ్న ఫిట్స్ మందు కొనే ప్రతి ఒక్కరినీ అడుగు. నొప్పులకి ట్రమడాల్, జ్వరానికి సిప్రోఫ్లాక్సాసిన్ కూడా వీళ్లలో ఫిట్స్ తెప్పించగలవు.

వాల్ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు కొనే ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. కడుపుతో ఉండగా అది వాడితే నూటికి పదిమంది పిల్లలకి పుట్టుకతో లోపాలు రావచ్చు, తర్వాత చదువూ మాటా వెనకబడొచ్చు. పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడమను, సొంతంగా మాత్రం మానొద్దని గట్టిగా చెప్పు. ఇదంతా పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాలి, నలుగురి ముందు ఫిట్స్ అనే మాట నీ నోట రాకూడదు, సంబంధాలు చెడిపోతాయని ఇళ్లల్లో ఎంత దాస్తారో నీకు తెలుసుగా.

కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందు తేమకి పాడవుతుంది, వానాకాలం గోడవారన పెట్టకు. అది కొత్తగా మొదలెట్టినవాళ్లు ఒంటిమీద దద్దుర్లనో నోట్లో పుళ్లనో వస్తే ఆయింట్‌మెంట్ ఇవ్వకు, వెంటనే ఆసుపత్రికి పంపు.

డౌటొస్తే రాత్రయినా ఫోన్ చెయ్యి.

మీ మావయ్య